జాకెట్టంటే రవిక కాదన్నా: ఆడవాళ్లకు కుదిరే బండి బట్టలు ఎంచుకునేదెట్లా

తిరుపతిలో గాంధీ రోడ్డు మీద ఏ బట్టల అంగడికైనా పోయి "జాకెట్టు చూపించన్నా" అని అడగండి, రవిక గుడ్డలు పరుస్తారు. "అది కాదన్నా, బండి మీద వేసుకునే జాకెట్టు" అంటే స్వెట్టర్లుండే అర వైపు చెయ్యి చూపిస్తారు. "మోచేతుల దగ్గర గట్టి ప్యాడ్లుంటాయి చూడు, అట్లాంటిది" అన్నామా, ఆయన మొహంలోకి జాలి వచ్చేస్తుంది. "అవి మగోళ్లవి మా. స్మాల్ సైజు తీసుకో, సరిపోతాది."

ఆ మాట నమ్మి నేనూ మొదట మగవాళ్ల స్మాల్ సైజే కొన్నాను. భుజాలు రెండు పక్కలా జారేవి, చేతులు వేళ్ల దాకా వచ్చేవి, తుంటి దగ్గర మాత్రం జిప్పు పడేది కాదు. అయినా వేసుకున్నాను, లేనిదానికన్నా మేలు కదా అని. ఒకరోజు చిత్తూరు నుంచి తిరిగొస్తుంటే పాకాల దాటాక పక్కదారి నుంచి కొట్టుకొచ్చిన ఇసుక మీద ముందు చక్రం జారింది. వేగం ముప్పై కూడా ఉండదు. ఎడమ పక్కకు పడ్డాను. లేచి చూసుకుంటే జాకెట్టు చెయ్యి మెలి తిరిగి ఉంది. మోచేతి మీద ఉండాల్సిన ప్యాడ్ ముంజేతి లోపలి పక్కకు పోయి కూర్చుంది. మోచేయి మాత్రం అరచెయ్యంత మేర దోక్కుపోయింది. ఎముక విరగలేదు కాబట్టి పుత్తూరు కట్టు దాకా పోలేదు, అంతే.

అంటే ప్యాడ్ ఉంది, మంచిదే ఉంది, పడ్డప్పుడు ఉండాల్సిన చోట లేదు. ఈ మార్గదర్శిలో చెప్పేదంతా ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది: పడే క్షణంలో ప్యాడ్ ఎముక మీద నిలవాలి. నిలవాలంటే బట్ట మన ఒంటికి కుదరాలి. మిగిలినవన్నీ, రంగుతో సహా, ఆ తర్వాతే.

1. ముందు మీ దారి ఏదో తేల్చుకోండి

తిరుచానూరు నుంచి మహిళా యూనివర్సిటీకి స్కూటీ మీద పోయే అమ్మాయికి కావాల్సింది వేరు. రోజూ తిరుపతి నుంచి చిత్తూరుకు డెబ్బై కిలోమీటర్లు పోయొచ్చే ఉద్యోగికి కావాల్సింది వేరు. ఆదివారమొస్తే భాకరాపేట ఘాట్ ఎక్కి తలకోనకో హార్సిలీ హిల్స్‌కో పోయేవాళ్లకు ఇంకొకటి. ఊళ్లో తిరిగేవాళ్లకు మంచి హెల్మెట్, గ్లవ్స్, మూసుకునే బూట్లు, పలుచటి మెష్ జాకెట్టు, అంటే గాలి ఆడేలా వలలా అల్లిన బట్టది, చాలు. హైవే ఎక్కేవాళ్లకు ప్యాంటు కూడా కావాలి. ఇది ఖర్చు తగ్గించుకోవడానికి చెప్పే మాట మాత్రమే. ఊళ్లో పడితే దెబ్బ తగలదని కాదు.

డబ్బు ఒకేసారి కుదరకపోతే నేను చెప్పే వరస: హెల్మెట్, గ్లవ్స్, బూట్లు, జాకెట్టు, ప్యాంటు. చాలామంది జాకెట్టు ముందు కొంటారు, ఫొటోలో బాగా కనిపిస్తుంది కాబట్టి. కానీ కింద పడేవాళ్లెవరైనా ముందు అరచేతులే ఆనిస్తారు. రెండు అరచేతులూ దోక్కుపోతే అన్నం కలుపుకోవడం దగ్గర్నుంచి జడ వేసుకోవడం దాకా ఇంకొకరి మీద ఆధారపడాలి. అందుకే గ్లవ్స్‌ది రెండో స్థానం.

2. కొలతలు బండి మీద కూర్చుని తీసుకోండి

మీ రవికలు కుట్టే దర్జీ పుస్తకంలో మీ కొలతలన్నీ ఉంటాయి. అవి ఇక్కడ పనికిరావు. రవిక కొలత నిలబడి, చేతులు కిందికి వదిలి తీసేది, అదీ ఒంటికి అతుక్కునేలా. బండి మీద మనం ముందుకు వంగుతాం, చేతులు చాస్తాం, మోకాళ్లు మడుస్తాం. వీపు రెండు మూడు అంగుళాలు సాగుతుంది.

బండిని డబుల్ స్టాండ్ వేసి ఎక్కి కూర్చోండి. చేతులు హ్యాండిల్ మీద పెట్టండి. చెల్లెలికో అమ్మకో టేపు ఇచ్చి సెంటీమీటర్లలో తీయించుకోండి. ఛాతీ కొలత బండి నడిపేటప్పుడు వేసుకునే లోదుస్తులతోనే తీయాలి. స్పోర్ట్స్ బ్రాకీ మామూలు దానికీ మధ్య తేడా ఒక సైజు దాకా రావచ్చు. వెనక హుక్కులుండేవి వేసుకుని వీపు ప్యాడ్ ఉన్న జాకెట్టుతో గంటసేపు నడిపితే ఆ హుక్కులు వెన్నులో గుచ్చుకుంటాయి. హుక్కులు లేని స్పోర్ట్స్ బ్రాకు మారాక నాకా బాధ పోయింది.

చేతి పొడవు మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక దగ్గర మొదలుపెట్టి, భుజం మీదుగా, వంచిన మోచేతి మీదుగా, మణికట్టు ఎముక దాకా తీయాలి. అదే మెడ ఎముక నుంచి నడుము దాకా వీపు పొడవు. ఆ తర్వాత నడుము, సీటు (పిరుదుల చుట్టు), తొడ చుట్టు, కాలి లోపలి పొడవు. అరచేతికి బొటనవేలు వదిలేసి, పిడికిలి పట్టినప్పుడు పైకి లేచే కణుపుల చుట్టూ తీయండి. తలకు కనుబొమ్మలకు పైన రెండు వేళ్లు వదిలి, వెనక బుడిపె మీదుగా.

ఇవి ఒక కాగితం మీద రాసి ఫొటో తీసి పెట్టుకోండి. కంపెనీ సైజుల పట్టికలో ఎస్, ఎమ్, ఎల్ అక్షరాల మీద నమ్మకం పెట్టుకోకండి. ఒక కంపెనీ ఎమ్ ఇంకొక కంపెనీ ఎక్స్‌ఎల్ అవుతుంది. సెంటీమీటర్ల వరస చూడండి. ఛాతీ ఒక సైజులో, సీటు ఇంకొక సైజులో పడితే (మనలో సగం మందికి అట్లే పడుతుంది) జాకెట్టును ఛాతీ, భుజాన్ని బట్టి, ప్యాంటును సీటును బట్టి విడివిడిగా కొనండి. సెట్టుగా అమ్మేవాటి జోలికి పోవద్దు.

3. హెల్మెట్: జడ, పూలు, గుండు

ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అన్న అంకె రెండూ ఉండాలి. 2021 జూన్ 1 నుంచి దేశంలో ఐఎస్ఐ గుర్తు లేని ద్విచక్ర వాహన హెల్మెట్ అమ్మడం చట్టవిరుద్ధం. అయినా రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్మే వాటి మీద కూడా ఐఎస్ఐ అని స్టిక్కరు ఉంటుంది. లోపలి గుడ్డ కాస్త పక్కకు లాగి చూడండి. దట్టమైన థర్మోకోల్ పొర కనిపించాలి. స్పాంజి మాత్రమే కనిపిస్తే అది టోపీ. దెబ్బను తీసుకునేది ఆ థర్మోకోలే, నలిగిపోయి తీసుకుంటుంది. అందుకే గట్టిగా ఒకసారి నేలకు తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా మార్చేయాలి.

వెనక కూర్చునేవాళ్లకు కూడా ఉండాల్సిందే. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ అదే చెబుతుంది. 2019 సవరణ ప్రకారం లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా, మూడు నెలలు లైసెన్సు పోతుంది.

కుదిరిందా లేదా చూసేది ఇట్లా. లోపల స్టిక్కరు మీద 560, 580 లాంటి అంకె ఉంటుంది, అది మిల్లీమీటర్లలో తల చుట్టుకొలత. తొడుక్కుని, పట్టీ బిగించి, రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. హెల్మెట్‌తో పాటు బుగ్గల చర్మం కూడా కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే వదులు. వెనక అంచు పట్టుకుని ముందుకు లాగితే ఊడి రాకూడదు. కొత్తలో బుగ్గలు నొక్కుకుని మాట ముద్దముద్దగా వస్తుంది, అది మంచిదే, కొన్ని వారాలకు సర్దుకుంటుంది. నుదుటి మీద ఒక్కచోట నొప్పి పెడితే మాత్రం ఆ ఆకారం మీ తలకు కుదరలేదని అర్థం. పెద్ద సైజుకు పోకండి, ఇంకో మోడల్ చూడండి.

ఇక జుట్టు. కొప్పు పెట్టుకుని హెల్మెట్ పెట్టుకోలేం. పైకి కట్టిన పోనీటెయిల్ కూడా కుదరదు, హెల్మెట్ ముందుకు వంగుతుంది. మెడ దగ్గర మొదలయ్యే వదులు జడే మేలు. జడ జాకెట్టు లోపలికి వేసేయండి. బయట వదిలితే గాలికి చిక్కుపడి, ఇంటికొచ్చాక దువ్వెన విరుగుతుంది. పిన్నులు, క్లచర్లు, సవరం పిన్నులు తీసేయాలి, పడితే నెత్తిలో దిగుతాయి. పూలు డబ్బాలో పెట్టుకుని పోయి అక్కడే పెట్టుకోండి. జుంకాలు, మాటీలు తీసేయండి. ముక్కుపుడక ఉన్నవాళ్లు హెల్మెట్ తీసేటప్పుడు పట్టీలు రెండూ బయటికి లాగి పట్టుకుని నిదానంగా ఎత్తాలి. ఒక్కసారి లోపలి గుడ్డకు తగులుకుని లాగిందంటే ఆ నొప్పి చెప్పనలవి కాదు.

మన ఊరి ప్రత్యేక సమస్య ఇంకొకటుంది. కొండకు పోయి తలనీలాలిచ్చి దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు బిగుతుగా ఉన్న హెల్మెట్ వదులైపోతుంది. ఒత్తు జుట్టున్నవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. ఘాట్ మలుపుల్లో కళ్ల మీదికి జారుతుంది. నూలు తలపాగా టోపీ, అంటే హెల్మెట్ కింద వేసుకునే పలుచటి స్కల్ క్యాప్, బ్యాగులో పెట్టుకుని పోండి. గుండు మీద చందనం పూసినా అది లోపలి గుడ్డకు అంటకుండా ఉంటుంది. మామూలు రోజుల్లో కూడా, తలకు కొబ్బరి నూనె పెట్టే అలవాటున్నవాళ్లకు ఆ టోపీ తప్పనిసరి అని నా అభిప్రాయం.

4. జాకెట్టు: అద్దం ముందు కాదు, బండి మీద

ఆడవాళ్ల కోసం కత్తిరించిన జాకెట్టులో భుజం సన్నగా, ఛాతీ దగ్గర చోటు ఎక్కువగా, నడుము దగ్గర లోపలికి, తుంటి దగ్గర మళ్లీ విప్పారి ఉంటుంది. మగవాళ్లది డబ్బాలా తిన్నగా ఉంటుంది. ఛాతీ నిండుగా ఉన్నవాళ్లు మగవాళ్లదాంట్లో సరిపడాలని ఒక సైజు పెంచుతారు. అక్కడే భుజం ప్యాడ్ చేతి మీదికి జారుతుంది, మోచేతి ప్యాడ్ ముంజేతికి జారుతుంది. నాకు జరిగింది అదే.

గులాబీ రంగు పూసి, లేబుల్ మీద ఆడవాళ్లదని రాసి, కత్తిరింపు మాత్రం మగవాళ్లదే ఉంచే కంపెనీలు కూడా ఉన్నాయి. బల్ల మీద పరిచి చూస్తే తెలిసిపోతుంది: చంక నుంచి కింది అంచు దాకా పక్క కుట్టు తిన్నగా ఉంటే అది మీ కోసం కుట్టింది కాదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ లాంటి కంపెనీలు ఆడవాళ్లకు వేరే కత్తిరింపుతో జాకెట్టులు అమ్ముతున్నాయి. ఆల్పైన్‌స్టార్స్ వాళ్ల ఆడవాళ్ల వరసకు స్టెల్లా అని పేరు, ధర మాత్రం మన జీతాలకు కాస్త దూరం.

ఇంటికి తెప్పించుకున్నాక లేబుళ్లు తెంపకుండా ఈ పరీక్షలు చేయండి.

జిప్పు పూర్తిగా వేసి బండెక్కి కూర్చుని హ్యాండిల్ పట్టుకోండి. భుజం ప్యాడ్ గిన్నెలా భుజం కొన ఎముక మీద బోర్లించినట్టు ఉండాలి. మోచేయి వంచినప్పుడు ప్యాడ్ మధ్య భాగం మోచేతి మొన మీద, మిగిలింది ముంజేతి వైపు ఉండాలి. ఇప్పుడు అసలు పరీక్ష: మణికట్టు దగ్గర ఇంకొకరిని జాకెట్టు చేతిని పట్టుకుని గట్టిగా మెలి తిప్పమనండి, భుజం వైపుకు తొయ్యమనండి. ప్యాడ్ మోచేయి వదిలి పోతే ముంజేతి పట్టీ బిగించి మళ్లీ చూడండి. అప్పటికీ పోతే ఆ జాకెట్టు తిరిగి పంపేయండి. రోడ్డు మన మీద దయ చూపి నెమ్మదిగా లాగదు.

ఛాతీ దగ్గర జిప్పు అలల్లా ముడతలు పడితే బిగుతు. లోతుగా ఊపిరి పీల్చి చూడండి, పొట్ట నిండా అన్నం తిన్నాక కూడా ఒకసారి వేసుకుని చూడండి. వెనక నడుము బయటపడకూడదు. తుంటి దగ్గర కింది అంచు పైకి ఎగబాకి కుచ్చులా పోగవుతుంటే, పక్కల జిప్పులు ఉన్న మోడల్ వెతకండి. ఆ జిప్పులు విప్పితే కూర్చున్నప్పుడు సీటుకు చోటు దొరుకుతుంది. కాలరు గొంతు మీద నొక్కకూడదు. నల్లపూసలు, తాళి గొలుసు కాలరు లోపల ఉండాలి, జిప్పు పళ్లలో చిక్కకుండా. గాజు గాజులు మాత్రం ఇంట్లో వదిలేయండి. జాకెట్టు చేతి కింద అవి పగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

5. లేబుల్ చదవడం వచ్చి తీరాలి

ఇది కాస్త పొడిగా ఉంటుంది కానీ ఒక్కసారి నేర్చుకుంటే మళ్లీ ఎవరూ మోసం చెయ్యలేరు. బండి బట్టలకు యూరోపు ప్రమాణం ఈఎన్ 17092. అందులో ఏఏఏ అన్నిటికన్నా గట్టిది, తర్వాత ఏఏ, ఆ తర్వాత ఏ. బీ అంటే రాపిడికి "ఏ" తరగతి అంత తట్టుకుంటుంది కానీ ప్యాడ్లుండవు. సీ అంటే ప్యాడ్లను ఒంటి మీద పట్టి ఉంచే వల మాత్రమే, రాపిడికి నిలవదు. మన ఎండకు పనికొచ్చే మెష్ జాకెట్టుల్లో ఎక్కువ "ఏ" తరగతివే. ఏఏ దొరికి, మీరు భరించగలిగితే తీసుకోండి.

ప్యాడ్లది వేరే అంకె. భుజం, మోచేయి, మోకాలికి ఈఎన్ 1621-1, వీపుకు ఈఎన్ 1621-2. ప్యాడ్ జేబులోంచి తీసి చూస్తే ఈ అంకె అచ్చొత్తి ఉంటుంది, పక్కనే 1 లేదా 2 ఉంటుంది. భుజం, మోచేతి ప్యాడ్ మీద 50 జౌళ్ల (శక్తి కొలత) దెబ్బ కొట్టి, అవతలికి ఎంత బలం దిగిందో కిలోన్యూటన్లలో కొలుస్తారు, అంకె ఎంత తక్కువైతే అంత మేలు. సగటున 35 కిలోన్యూటన్లు దాటకపోతే లెవల్ 1, 20 దాటకపోతే లెవల్ 2. వీపు ప్యాడ్‌కు హద్దులు ఇంకా తక్కువ: 18, 9. సన్నగా, పొట్టిగా ఉండేవాళ్లు ఇంకొకటి గమనించాలి. ప్యాడ్ మీద టైప్ ఏ అని ఉంటే చిన్న కొలత, టైప్ బీ అంటే మామూలు కొలత. మోచేతికి పెద్ద ప్యాడ్ పెట్టుకుని అది మెలి తిరిగే కన్నా, టైప్ ఏ కుదురుగా నిలవడం మేలు కావచ్చు.

వీపు జేబులో చాలా కంపెనీలు పలుచటి స్పాంజి ముక్క పెట్టి వదిలేస్తాయి. అంకె లేకపోతే అది ప్యాకింగు సామానే. కొలత చూసుకుని వేరే వీపు ప్యాడ్ కొనండి. వేలితో నొక్కితే మెత్తగా ఉండి దెబ్బ తగిలినప్పుడు గట్టిపడే డీ3ఓ లాంటివి ఒంటికి వంగుతాయి కాబట్టి ఆడవాళ్లకు సుఖం.

సీఈ (యూరోపు ప్రమాణాలకు సరిపోతుందని వేసే గుర్తు) అని ఒట్టి రెండక్షరాలు మాత్రమే ఉండి, ఏ ప్రమాణమో అంకె లేకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

6. ప్యాంటు

లెగ్గింగ్స్‌తో హైవే ఎక్కకండి. నైలాన్, పాలియెస్టర్ కలిసిన పలుచటి బట్ట రోడ్డుకు రాసుకుంటే ఆ వేడికి కరిగి చర్మానికి అతుక్కుంటుంది. గాయం ఒకటి, కాలడం ఇంకొకటి. మామూలు జీన్స్ కరగదు, కానీ చూస్తుండగానే చిరుగుతుంది.

రైడింగ్ ప్యాంటు సీటుకు సరిపోయేది నడుముకు వదులుగా ఉండటం మనకు మామూలే. కూర్చున్నప్పుడు వెనక నడుము దగ్గర ఖాళీ పడుతుంది, అందులోంచి గాలీ వానా దూరుతాయి. వెనక నడుము ఎత్తుగా కుట్టినవి, పక్కన బిగించుకునే పట్టీలున్నవి ఎంచుకోండి. ప్యాంటుకూ జాకెట్టుకూ కలిపే జిప్పు ఉంటే వేసుకోండి, పడ్డప్పుడు జాకెట్టు పైకి ఎగబాకదు. మోకాలి ప్యాడ్ నిలబడి చూస్తే చిప్ప కిందికి ఉన్నట్టు కనిపించాలి. బండి మీద మోకాలు మడిచినప్పుడు అది సరిగ్గా చిప్ప మీదికి వస్తుంది. నిలబడ్డప్పుడు చిప్ప మీదే ఉందంటే కూర్చున్నప్పుడు తొడ మీదికి పోతుంది.

రోజూ ఆఫీసుకు పోయేవాళ్లకు నేను చెప్పేది ఓవర్ ప్యాంటు, అంటే పక్కన కాలి పొడవునా జిప్పు ఉండి చుడీదార్ మీదే తొడుక్కునేది. ఆఫీసు చేరాక అర నిమిషంలో ఊడదీసి డిక్కీలో పడేయచ్చు. తిరుమల పోయేవాళ్లకు కూడా ఇదే దారి. దర్శనానికి చీరో, లంగా ఓణీయో, చున్నీతో చుడీదారో ఉండాలి. కింద చుడీదార్ వేసుకుని పైన ఓవర్ ప్యాంటు, చున్నీ బ్యాగులో.

దారిలో బాత్‌రూం సంగతి ఎవరూ రాయరు, నేను రాస్తాను. భుజాల మీద పట్టీలుండే ప్యాంటు అయితే జాకెట్టు మొత్తం విప్పితే గానీ కుదరదు. పెట్రోలు బంకు బాత్‌రూంలో జాకెట్టు తగిలించే మేకు కూడా ఉండదు. జాకెట్టు, గ్లవ్స్, హెల్మెట్ చేతుల్లో పట్టుకుని నానా అవస్థలు పడ్డాక ఆ ప్యాంటు మా తమ్ముడికి ఇచ్చేశాను. నెలసరి రోజుల్లో నల్లదే వేసుకోండి, సీటు దగ్గర మందమైన కుట్టు మధ్యలో రానిది చూసుకోండి.

7. చేతులు, కాళ్లు

మగవాళ్ల గ్లవ్స్ మన చేతికి అరచెయ్యి సరిపోయినా వేళ్ల కొసల్లో అర అంగుళం ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ క్లచ్ లివర్‌కూ హ్యాండిల్‌కూ మధ్య మడత పడి ఇరుక్కుంటుంది. తొడుక్కుని పిడికిలి పట్టండి, తర్వాత లివర్ పట్టండి. మణికట్టు పట్టీ బిగించాక వేళ్లు పట్టి లాగితే గ్లవ్ ఊడకూడదు. ఈఎన్ 13594 అని ఉండాలి, పక్కన కేపీ అని ఉంటే కణుపులకు రక్షణ ఉందని.

బూట్లు చీలమండ ఎముకలు రెండూ మూసేవి. లేసులుంటే లోపలికి తోసేయాలి, గేరు లివర్‌కు చుట్టుకుంటాయి. మెట్టెలు పెట్టుకునేవాళ్లు కొనేటప్పుడే వాటితోనే వేసుకుని పది నిమిషాలు నడిచి చూడండి. ముందు ఇరుకుగా ఉంటే సాయంత్రానికి రెండో వేలు ఉబ్బి మెట్టె చర్మంలోకి దిగుతుంది. కాళ్లు నేలకు అందని భయమున్నవాళ్లకు కాస్త మందం అడుగున్న బూట్లు నిజంగానే సాయపడతాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్లలో క్లాసిక్ 350 సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, మీటియర్ 350ది 765. ఆ నాలుగు సెంటీమీటర్ల తేడా ఎంతో ఐదడుగుల వాళ్లకు తెలుసు.

8. చీర కట్టుకుని పోక తప్పని రోజు

పెళ్లిళ్లుంటాయి, స్కూలు టీచర్లకు చీర నియమాలుంటాయి. వెనక కూర్చునేవాళ్లయితే ముందు బండికి చీర గార్డు ఉందో లేదో చూడండి. వెనక కూర్చునేవాళ్ల బట్టలు చక్రంలో చిక్కకుండా సగం చక్రాన్ని మూసే ఏర్పాటు, చేతి పట్టు, కాలు పెట్టుకునే చోటు ఉండాలని కేంద్ర మోటారు వాహన నియమాల్లో 123వ నియమం చెబుతుంది. అందంగా లేదని దాన్ని ఊడబీకి పాత సామాన్ల వాడికి వేసే కుర్రాళ్లు మన ప్రతి వీధిలో ఉన్నారు. ఒక పక్కకు కూర్చోకండి, కింద చుడీదార్ ప్యాంటు వేసుకుని చీర పైకి దోపి రెండు పక్కలా కాళ్లు వేసి కూర్చోండి. పైట కొంగు ముందుకు తిప్పి నడుములో దోపేయండి, దాని మీద జాకెట్టు జిప్పు వేయండి. చున్నీ కూడా అంతే. మొహానికి చుట్టుకుని కొసలు వెనక వదలడం మన ఊళ్లో ఎండాకాలం అలవాటు, ఆ కొసలే చక్రంలోకి పోయేది. కొసలు జాకెట్టు లోపల ఉండాలి.

9. ఎక్కడ కొనాలి, ఎక్కడ సరిచేయించాలి

హెల్మెట్లు తిరుపతిలో, చిత్తూరులో బాగానే దొరుకుతాయి, తొడుక్కుని చూసి కొనండి. ఆడవాళ్ల జాకెట్టులు, ప్యాంట్లు మాత్రం ఒకటీ అరా తప్ప దొరకవు. చెన్నైలో జనరల్ పాటర్స్ రోడ్డు, బెంగళూరులో జేసీ రోడ్డు బండి సామానుకు పేరున్న చోట్లు. ఎలాగూ ఏదో పని మీద పోతుంటాం కాబట్టి ఒక పూట కేటాయించుకుని నాలుగైదు కంపెనీలవి వేసుకుని చూడండి, సైజు రాసుకోండి. ఆన్‌లైన్‌లో అయితే తిరిగి తీసుకునే నియమం చదివాకే డబ్బు కట్టండి. సైజు మార్పిడి ఉంటుందా, డబ్బు వాపసు ఉంటుందా అన్నవి రెండు వేరు వేరు సంగతులు. నేనొకసారి ఒక అంగడిలో "మార్చుకోవచ్చు మా" అన్న మాట నమ్మి కొని, తర్వాత బిల్లు మీద చిన్న అక్షరాల్లో మార్చబడదని చదువుకున్నాను.

కొన్నది కాస్త వదులైతే సరిచేయించవచ్చు. నా రెండో జాకెట్టును మా రవికల దర్జీ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన దాన్ని చేతిలో తూచి "ఏంది పాపా ఇది, పరుపు మాదిరుండాది" అన్నాడు. రెండు సూదులు విరిచాక, వీధి చివర బండి సీట్లు కుట్టే అన్న దగ్గరికి పంపించాడు. అదే సరైన చోటు. సీటు కవర్లు, బ్యాగులు కుట్టేవాళ్ల మిషన్ మందాన్ని తట్టుకుంటుంది, నైలాన్ దారమూ వాళ్ల దగ్గరే ఉంటుంది. కానీ ఛాతీ దగ్గర డాట్లు ఎక్కడ పట్టాలో ఆయనకు తెలియదు. అందుకే దర్జీతో సుద్దముక్కతో గీయించుకుని, గీత వెంబడి సీట్లన్నతో కుట్టించాను. ఇద్దరూ కలిసి తీసుకున్నది మూడొందలు.

ఒక హద్దు మాత్రం దాటకండి. భుజం మీది కుట్టు, చేతి వెనక మోచేతి మీదుగా పోయే కుట్టు, సీటు కుట్టు విప్పకూడదు, పడ్డప్పుడు నేలకు రాసుకునేవి అవే. పక్క కుట్టు దగ్గర లోపలికి పట్టుకోవచ్చు. పొడవు తగ్గించుకోవచ్చు. ప్యాడ్ జేబు ఒక అంగుళం పైకి జరపాలంటే లోపలి లైనింగులోనే జరపాలి, బయటి బట్టకు సూది తగలకుండా.

10. ఎండ, వాన, ఉతుకుడు

ఏప్రిల్, మే నెలల్లో రేణిగుంట రోడ్డు మీద మధ్యాహ్నం జాకెట్టా అని అందరూ అడుగుతారు. మెష్ జాకెట్టు కింద పలుచటి, చెమట పీల్చి త్వరగా ఆరే పొడుగు చేతుల బనియను వేసుకోండి. బయల్దేరే ముందు ఆ బనియను నీళ్లలో తడిపి పిండి వేసుకుంటే, బండి కదిలినంతసేపూ చల్లగా ఉంటుంది, పూర్తిగా ఆరేసరికి కనీసం చంద్రగిరి దాటేస్తాం. సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం ఉడుకే, అందులో అబద్ధం చెప్పను. లేత రంగులు ఎండకు మేలు, సాయంత్రం లారీ డ్రైవర్లకు కూడా కనిపిస్తాయి.

మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. జాకెట్టు లోపల తగిలించే వాన లైనర్ వేసుకోవాలంటే నడిరోడ్డు మీద జాకెట్టు విప్పాలి. పైన వేసుకునే రెయిన్ కోటే నయం, జాకెట్టు మీద పట్టేలా ఒక సైజు పెద్దది కొనండి. పొంచో, అంటే తల మీంచి దుప్పటిలా వేసుకునే వాన కోటు, వద్దు, గాలికి ఎగిరి చక్రం వైపు పోతుంది. లైనర్‌ను చలికాలంలో మదనపల్లె, పలమనేరు వైపు తెల్లవారుజామున పోయేటప్పుడు చలికి వాడుకోవచ్చు.

ఉతికేటప్పుడు ప్యాడ్లన్నీ తీసి, జిప్పులు, అంటుకునే పట్టీలు మూసి, చల్లనీళ్లలో మెత్తటి సబ్బుతో చేత్తో ఉతకండి. బట్టలు మెత్తబడే ద్రావకాలు కలపకండి, బండకేసి బాదకండి. నీడలో ఆరేయండి. హెల్మెట్ లోపలి గుడ్డకు పిల్లల షాంపూ చాలు. హెల్మెట్‌ను అద్దానికి తగిలించే అలవాటు మానుకోండి, లోపలి థర్మోకోల్ మీద గుంట పడుతుంది.

ప్యాడ్లు తిరిగి పెట్టేటప్పుడు తలకిందులు కాకుండా చూసుకోండి. మోచేతి ప్యాడ్ సన్నటి కొస మణికట్టు వైపు ఉండాలి. ఎడమది కుడికి మారిపోకుండా నేను వాటి వెనక స్కెచ్ పెన్నుతో "ఎ", "కు" అని రాసి పెట్టుకున్నాను. రెండు ఉతుకులకు చెరిగిపోయింది, ఇప్పుడు కుడిదానికి ఎర్ర దారం కట్టాను.